ఎవరి గిన్నెలు వాళ్ళకి

నేను రిటైరైన ఆ ఎండాకాలం మా ఇంట్లోంచి బయటికి పోయిన సామాను చూస్తే, ఇన్నేళ్ళూ మేం కాపురం చేశామా, గోదాము నడిపామా అని నాకే అనుమానం వచ్చింది. లాలాగూడ రైల్వే క్వార్టర్‌లో రెండు గదులు, ఒక వరండా, వెనక ఇంత పెరడు. వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేరినప్పుడు ఒక్క ట్రంకు పెట్టెతో వచ్చినవాణ్ణి. ఇప్పుడు జూన్ లోపల క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. మల్కాజిగిరిలో మేం తీసుకున్న ఫ్లాటేమో అగ్గిపెట్టెకు అన్న. సజ్జల్లేవు, పెరడు లేదు, మంచం కింద కూడా ఏమీ పట్టకుండా మంచానికి పెట్టె కట్టేశారు.

"సామాను పట్టదు మామయ్యగారూ, మనుషులు మాత్రం పడతారు," అని మా కోడలు హిమజ మొదటిరోజే తేల్చేసింది.

హిమజది విజయవాడ. చిన్నప్పటినుంచి హాస్టళ్ళలో పెరిగిన పిల్ల, ఒక సూట్‌కేసులో తన బతుకంతా సర్దుకోగలదు. మా భానుప్రకాశ్‌ను చేసుకుని తార్నాకలో కాపురం ఉంటోంది. చాలా మంచి పిల్ల. ఈ మాట ఇక్కడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ముందు ముందు మీకు ఆ పిల్ల మీద కోపం వస్తుంది. తెచ్చుకోకండి. మాకే రాలేదు.

ఆ పిల్ల మూడు గోనెసంచులు వరసగా నిలబెట్టింది. ఒకటి ఉంచుకునేవి, ఒకటి ఇచ్చేసేవి, ఒకటి పారేసేవి. "ఏడాదిగా పనికిరాని వస్తువేదీ ఇంట్లో ఉండకూడదు అత్తయ్యగారూ. అదే రూలు."

"అట్లయితే ముందుగాల మీ మామను ఎయ్యి సంచిల," అంది మా శ్యామల. "రిటైరైనకాంచి పుల్ల సుత తీసి అవతల పెడ్తలేడు."

నా నట్లూ బోల్టుల డబ్బా దగ్గర పెద్ద పంచాయితీ అయింది. "ఇవి దేనికి పనికొస్తాయి మామయ్యగారూ?" అంటుంది. "ఎప్పుడు దేనికి పనికొస్తయో ఎరుకైతే దాచుడెందుకు?" అంటాను నేను. చివరికి ఆ పిల్లే గెలిచింది. పాత టేబుల్ ఫాను, పాడైన రేడియో, తాళాల్లేని తాళంచెవులు, తాళంచెవుల్లేని తాళాలు, అన్నీ పోయాయి. నిజం చెప్పొద్దూ, నాకు హాయిగానే అనిపించింది. ఇంట్లోకి గాలొచ్చింది. శ్యామల కూడా ఉతికి మడతపెట్టిన పాత చీరల మూట తనే తెచ్చి రెండో సంచిలో వేసింది.

ఒక్క గిన్నెల దగ్గర మాత్రం ఒప్పుకోలేదు. "సజ్జ మీది గిన్నెల జోలికి రాకు బిడ్డా. అవి నేనే చూసుకుంట."

ఆ సజ్జ మీదున్న గిన్నెల్లో సగం మావి కావు. మావి సగం మా ఇంట్లో లేవు. కాలనీ అంతా అంతే. అందుకే కదా, స్టీలు గిన్నె కొనగానే అంచు మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించేది. ఎవరింటికి ఏది పోయినా, ఎప్పుడో ఒకప్పుడు ఇంకేదో నింపుకుని తిరిగొస్తుంది. అన్నిటికంటే ఎక్కువ తిరిగిన గిన్నె మేబెల్‌ది. మూత గిన్నె, అంచు మీద 'న. మేబెల్' అని ఉంటుంది.

మేబెల్ భర్త నోవహు నాతోపాటు వర్క్‌షాప్‌లో పనిచేశాడు. పక్క క్వార్టర్‌లోనే ఉండేవాళ్ళు. అతను పోయాక ఆమె వెనక గల్లీలో చిన్న ఇల్లు అద్దెకు తీసుకుంది. పిల్లల్లేరు. ఆమెకు శ్యామల, శ్యామలకు ఆమె. ఒకరినొకరు 'వదినా' అనుకునేవాళ్ళు. క్రిస్మస్‌కు నూనెలో వేయించిన తీపి గులాబీ పువ్వులు, ఈస్టర్‌కు కేకు ఆమె గిన్నెలో వచ్చేవి. ఉగాదికి బచ్చాలు, అదే బొబ్బట్లు, సంక్రాంతికి సకినాలు అందులోనే తిరిగిపోయేవి. పండగ లేకపోతే పప్పుచారు. పప్పుచారు కూడా లేకపోతే రెండు పచ్చిమిరపకాయలు, ఒక కరివేపాకు రెమ్మ. ఏదీ లేకపోతే చిటికెడు చక్కెర. గిన్నె మాత్రం ఖాళీగా పోగూడదు. ఖాళీ గిన్నె పంపడమంటే ఇక రాకపోకలు బంద్ అన్నట్టు. నోవహు పోయిన నెలలో కూడా, ఆమె కళ్ళు వాచిపోయి ఉన్న రోజుల్లో కూడా, మా గిన్నె వాపస్ వచ్చినప్పుడు అడుగున కొంచెం చక్కెర ఉంది. శ్యామల ఆ గిన్నె పట్టుకుని గుమ్మంలోనే ఏడ్చింది.

ఈ సంగతి హిమజకు ఎవరమూ చెప్పలేదు. ఊపిరి పీల్చమని ఎవరైనా చెప్తారా?

ఏప్రిల్లో మేబెల్ ఈస్టర్ కేకు తెచ్చిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది. ఆమె అద్దెకుండే ఇల్లు కూడా పడగొట్టి అపార్ట్‌మెంట్ కడతారట, ఖాళీ చెయ్యమన్నారు. మా ఫ్లాట్ కింద, పార్కింగ్ పక్కన ఒక సింగిల్ రూమ్ ఉంది. దాని ఓనరు హరికిషన్‌తో శ్యామల ముందే మాట్లాడిపెట్టింది.

"నిజంగ రమ్మంటున్నవా వదినా, ఊకె మాటకంటున్నవా?" అంది మేబెల్.

"ఊకె అంటే హరికిషన్‌కు చెప్పిపెడ్తనా? నువ్వు కింద, నేను మీద. లిఫ్టుల గిన్నె పెట్టి బటన్ నొక్కుడే."

"అది కాదు. మీకు కొడుకున్నడు, కోడలున్నది. కొత్త ఇంటికి పోతున్నరు. నడుమ నేనెందుకు అడ్డం అని."

"నువ్వు అడ్డమా? ఇగో, గీయన అడ్డం," అని నా వైపు చెయ్యి చూపింది శ్యామల. ముగ్గురం నవ్వుకున్నాం. మేబెల్ వెళ్తూ వెళ్తూ మళ్ళీ వెనక్కి తిరిగింది. "నీకు వద్దనిపిస్తే మొహమాటపడకు వదినా. చెప్పెయ్. నేనేం అనుకోను."

అంత మాట ఎందుకందో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఒంటరి మనిషికి ఎవరింటికైనా పోవాలంటే ఎంత బెరుకుంటుందో, కడుపునిండా తిని కూర్చున్నవాడికి ఎట్లా తెలుస్తుంది?

మే మొదట్లో శ్యామలకు కంట్లో శుక్లం తీశారు. క్వార్టరంతా దుమ్ము కాబట్టి కొన్నాళ్ళు తార్నాకలో కొడుకింట్లో ఉన్నాం. నేను గంటగంటకూ కంట్లో చుక్కలు వేస్తూ కూర్చున్నాను. ఆ శని ఆదివారాల్లో భాను, హిమజ క్వార్టర్‌కు పోయి మిగతా పని మొత్తం చేసి వచ్చారు. "అంతా సర్దేశాం అత్తయ్యగారూ! మీరు చూస్తే ఆశ్చర్యపోతారు. మనవి మనకుంచి, ఎవరివి వాళ్ళకిచ్చేశాం," అంది హిమజ సంబరంగా. కంటికి పట్టీ కట్టుకుని పడుకున్న శ్యామల, "మంచి పని చేసిన్రు బిడ్డా" అంది. ఇచ్చేసింది నిచ్చెనో, తోపుడు బండో అనుకున్నాం మేం.

ఇచ్చేసింది గిన్నెలు. ఇది నాకు తర్వాత తెలిసింది కానీ, జరిగింది అప్పుడే కాబట్టి ఇక్కడే చెప్తాను. కంటి ఆపరేషనైన అత్తకు ఆ పని తప్పిద్దామని, హిమజ సజ్జ మీది గిన్నెలన్నీ దించి, పేర్లు చూసి, పీతాంబరి పొడి పెట్టి అడుగున మసితో సహా తోమి తళతళలాడించింది. ఇంటింటికీ తనే తిరిగి ఇచ్చి వచ్చింది. అరువు తెచ్చుకున్నవి శుభ్రంగా తిరిగివ్వడం కంటే మర్యాద ఏముంటుంది? మిగతా ఇళ్ళవాళ్ళు "మంచిగైంది తీ" అని నవ్వి తీసుకున్నారట. మేబెల్ మూత తీసి చూసిందట.

"శ్యామల పంపిందా?" అని అడిగిందట.

హిమజ వాళ్ళ విజయవాడ వైపు, తను చేసింది కూడా పెద్దవాళ్ళ మాటగా చెప్పడం మర్యాద. హిమజ మర్యాదగానే చెప్పింది: "అవునాంటీ, అత్తయ్యగారే ఇచ్చి రమ్మన్నారు. కొత్తింటికి పోతున్నాం కదా, ఇంక అక్కర్లేదన్నారు."

"మంచిదమ్మా," అని మూత పెట్టుకుని లోపలికి పోయిందట మేబెల్.

మేం క్వార్టర్‌కు తిరిగొచ్చాక శ్యామల నల్లద్దాలు పెట్టుకుని వరండాలో కూర్చుని గేటు వైపు చూడడం షురూ చేసింది. రెండో కంట్లోనూ శుక్లమే, సజ్జ మీద ఏముందో కనబడే చూపు ఇంకా రాలేదు. మేబెల్ వస్తుందని కాచుకుంది. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, వారం దాటింది.

"కన్ను కోయించుకుంటే చూడనీకి సుత రాలే," అంది. "ఎల్లమ్మ గుడి కాడి కూరలామె సుత వచ్చిపోయింది."

"పనేదో పడ్డదేమో. నేను పోయి పిలుచుకొస్తా."

"ఎందుకు? కన్ను నాది. రావాల్సింది ఆమె."

మామిడికాయలు దిగాయి. ప్రతి ఎండాకాలం ఇద్దరూ పొద్దున్నే మోండా మార్కెట్‌కు పోయి, ఒక్కొక్క కాయ ముక్కు దగ్గర పెట్టుకుని, గిల్లి చూసి, అమ్మేవాళ్ళతో తిట్లు తిని, అక్కడే కత్తిపీట దగ్గర ముక్కలు కొట్టించుకుని వచ్చేవాళ్ళు. సంచి మోసేవాణ్ణి నేను. ఆవపిండి పాళ్ళ దగ్గర ఇద్దరికీ ఏటా కొట్లాటే. ఈసారి శ్యామలను కారం దగ్గరికి, పొయ్యి దగ్గరికి పోవద్దన్నాడు డాక్టరు. మేబెల్ వచ్చి, "నువ్వు కూసో వదినా, నేను పెడ్త," అంటుందని ఆమె ఆశ. మేబెల్ రాలేదు. కాయలు ముదిరి, టెంక పడి, పండ్లకొచ్చాయి.

ఒక పొద్దున బేకరీ దగ్గర మేబెల్ కనబడింది నాకు. "వదిన కన్ను మంచిగున్నదా అన్నా?" అని అడిగింది.

"నువ్వే వచ్చి చూడరాదు? రోజూ నీ పేరే తీస్తున్నది."

ఆమె నా మొహంలోకి కాసేపు చూసింది. "వస్తనన్నా," అని బ్రెడ్డు తీసుకుని వెళ్ళిపోయింది. నేను ఇంటికొచ్చి చెప్తే శ్యామలకు ఇంకా మండింది. "రోడ్డు మీద అడిగిందా? ఇంటి తొవ్వ మర్సిపోయిందా?" ఆడవాళ్ళ అలకలు వాళ్ళే తీర్చుకుంటారులే అని పేపరు తెరిచాను.

జూన్ మొదటి ఆదివారం. భాను, హిమజ వచ్చి ఉన్నారు. మా గేటు ముందు ఆటో ఆగింది. డ్రైవరు ఒక ప్లాస్టిక్ టబ్బు తెచ్చి వరండాలో దించి, "మేబెలమ్మ ఇయ్యమన్నది," అని చెప్పి పోయాడు. టబ్బు నిండా గిన్నెలు. మా పెద్ద డేగిశ, టిఫిన్ డబ్బా, రెండు తపేలాలు, మేం ఎన్నడో మర్చిపోయిన నెయ్యి చెంబు కూడా. అన్నిటి మీదా శ్యామల పేరు. అన్నీ మెరిసిపోతున్నాయి.

శ్యామల వాటి ముందు కింద కూర్చుంది. అప్పటికీ చూపు మసకే. ఒక్కొక్క గిన్నె ఒళ్ళో పెట్టుకుని, లోపల చెయ్యి పెట్టి అడుగంతా వేళ్ళతో తడుముతోంది. ఒకటి పక్కన పెట్టి ఇంకొకటి తీసుకుంటోంది. మూతలు తీసి వాటినీ తడిమింది. ఏం వెతుకుతోందో నాకు తెలుసు.

"ఖాళీగ పంపింది," అంది చివరికి. "అన్నీ ఖాళీనే. ఏమయ్యా, నేనేం జేసిన ఆమెకు?"

హిమజ నవ్వుతూ వచ్చింది. "పోన్లెండి అత్తయ్యగారూ, ఆంటీ కూడా మనలాగే సర్దుకుంటున్నారేమో. నేను వాళ్ళ గిన్నె ఇచ్చినప్పుడే అనుకున్నా, మనవి కూడా ఉండుంటాయని."

శ్యామల చెయ్యి ఆగిపోయింది. "ఏ గిన్నె?"

"అదే, మూత గిన్నె. పేరుంది కదా."

"అందుల ఏమేసి ఇచ్చినవ్ బిడ్డా?"

"ఏమెయ్యడమేంటి అత్తయ్యగారూ? శుభ్రంగా తోమి ఇచ్చాను." ఆ పిల్ల మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఖాళీగా ఇస్తే ఏమవుతుంది?"

శ్యామల కోప్పడలేదు. గిన్నె ఖాళీగా ఎందుకు పంపరో మెల్లగా అంతా చెప్పింది. ఆ పిల్ల తనేమని ఇచ్చిందో చెప్పి ఏడుపు అందుకుంది. నోటిమాట మర్యాదగానే చెప్పింది, చేతిలో గిన్నె మాత్రం ఇంకో మాట చెప్పింది. ఎవరిని తిట్టాలి?

ఆ మధ్యాహ్నమే బచ్చాలు చేశారు. డాక్టరు మాట గాలికి పోయింది. శ్యామల పక్కన కూర్చుని చెప్తుంటే హిమజ ఒత్తింది. కొన్ని మందంగా వచ్చాయి, కొన్ని చిరిగి, పూర్ణం బయటికొచ్చి పెనానికి అంటుకున్నాయి. వేడివేడిగా ఒక గిన్నెలో సర్ది, నెయ్యి వేసి, ముగ్గురం వెనక గల్లీకి పోయాం.

గుమ్మం ముందు ట్రాలీ ఆటో ఉంది. మంచం, బీరువా ఎక్కించేశారు. బొల్లారం నుంచి మేబెల్ చెల్లెలు గ్రేసీ వచ్చి సంచులు మోయిస్తోంది. మేబెల్ మమ్మల్ని చూసి కొంగుతో చేతులు తుడుచుకుంది.

"రండి వదినా. లోపటికి రండి. కూర్చోండి," అంది.

రండి అనడం మర్యాదే. కానీ ఆమె మా ఆవిడను ఎన్నడూ 'రండి' అనలేదు. శ్యామల గడప మీదే నిలబడిపోయింది.

హిమజే ముందుకు పోయి ఆమె చేతులు పట్టుకుంది. "ఆంటీ, అత్తయ్యగారికి అసలు తెలీదు. ఆవిడ కంటికి పట్టీ కట్టి ఉంది. నేనే తెచ్చిచ్చాను. పంపించారని ఊరికే అన్నాను, మర్యాదకి. ఖాళీగా ఇవ్వకూడదని నాకు తెలీదాంటీ."

మేబెల్ ఆ పిల్ల చెంప మీద తట్టి, "పిచ్చిపిల్లా," అని నవ్వింది. నవ్వుతూనే శ్యామల వైపు తిరిగేసరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "రావద్దని నోటితో చెప్పలేక గిన్నెతోని చెప్పినవనుకున్న వదినా."

"నేనా? నీకా? అడగకపోయినవ్!"

"అడుగుదామని మీ గేటు దాకా ఎన్నిసార్లొచ్చిన్నో. నువ్వు నల్లద్దాలు పెట్టుకొని వరండల కూసున్నవ్. నా దిక్కే చూస్తున్నవ్. చూసి సుత పిలుస్తలేవనుకున్న."

"నాకు గేటు కనబడితే గద వదినా!"

ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారు. నేను కల్పించుకుని, "అయిందేదో అయింది. నేను హరికిషన్‌తో మాట్లాడ్త. సామాను ఆటోలనే ఉన్నది, అటు మళ్ళిద్దాం," అన్నాను. ఆ మాట అంటుంటే నిజంగానే అట్లా జరుగుతుందనుకున్నాను.

"ఆ రూమ్ వేరేటోళ్ళకు ఇచ్చేసిండన్నా. నేనే ఆయనకు వద్దని చెప్పిన," అంది మేబెల్. "గ్రేసీ సుత పిల్లల గది ఖాళీ చేయించింది నాకోసం. ఇప్పుడు రానంటే బాధపడ్తది."

గ్రేసీ బయట సంచులు లెక్క చూసుకుంటోంది. మేబెల్ బచ్చం ఒకటి తుంచి తిని, "మందం చేసినవ్ పిల్లా," అని హిమజతో అని, మిగతావి విస్తరాకులో చుట్టి తన చేతి సంచిలో పెట్టుకుంది. నల్లా దగ్గర కూర్చుని మా గిన్నె కడిగింది.

"ఇప్పుడెందుకు కడుగుడు? ఉండనియ్," అంది శ్యామల కంగారుగా. "నీ దగ్గర్నే ఉండనియ్. ఎప్పుడన్న తెచ్చిద్దువు."

"గ్రేసీ నాకు ఒక్కటే అర ఇచ్చింది వదినా. నా గిన్నెలే సగం పాత సామానోనికి ఏసిన."

కడిగిన గిన్నె పట్టుకుని వంటగదిలోకి పోయింది. అరలన్నీ ఖాళీ. పైన చూసింది, కింద చూసింది, కిటికీలో చూసింది. "గ్రేసీ, చక్కెర డబ్బా ఏ సంచిల ఉన్నదే?" అని కేకేసింది. "అన్నిటికన్న అడుగునున్నదక్కా, ఇప్పుడు తీస్తరా?" అంది గ్రేసీ. ఆటోవాడు హారన్ కొట్టాడు. మేబెల్ ఇంకోసారి చుట్టూ చూసి, గిన్నె తెచ్చి శ్యామల చేతిలో పెట్టింది.

"ఇంట్ల ఏం లేదు వదినా," అంది.

మేం క్వార్టర్ ఖాళీ చేసిన రోజు మొదటి వాన పడింది. మా సామాను అంతా ఒక్క ట్రిప్పులో వచ్చేసింది. హిమజ చెప్పినట్టే ఫ్లాట్లో అన్నీ పట్టాయి, ఇంకా చోటు మిగిలింది. కింద సింగిల్ రూమ్‌లో ఎవరో కుర్రాళ్ళు దిగారు. మేబెల్ అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. కన్ను ఎట్లుందని ఆమె, మోకాళ్ళు ఎట్లున్నాయని ఈమె అడుగుతారు. తర్వాత ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచదు. వాళ్ళ మాటలన్నీ గిన్నెల వెంట నడిచేవని అప్పుడు తెలిసింది నాకు. ఆ మోకాళ్ళ నొప్పులతో బొల్లారం నుంచి ఆమె రాలేదు, పెద్దపెద్ద రోడ్లు దాటి ఈమె పోలేదు. నన్ను తీసుకుపొమ్మంటే తీసుకుపోతాను. అడగదు.

మొన్న ఎదురు ఫ్లాట్ అమ్మాయి మాధురి బెల్లు కొట్టింది. వాళ్ళ బాబు పుట్టినరోజట, గులాబ్ జామూన్లు తెచ్చింది, పల్చటి ప్లాస్టిక్ డబ్బాలో. శ్యామల సంతోషంగా అందుకుని, "డబ్బా ఇప్పుడే ఖాళీ చేసిస్తా ఉండు బిడ్డా," అని లోపలికి తిరిగి, వంటగదిలో ఏం పెట్టివ్వాలా అని వెతకబోయింది.

"అయ్యో వద్దాంటీ! అది వాపస్ ఇవ్వక్కర్లేదు. పడేయండి," అని మాధురి నవ్వుతూ తలుపేసుకుంది.

శ్యామల జామూన్లు గిన్నెలోకి తీసింది. డబ్బా కడిగి, తుడిచి, చేతిలో పట్టుకుని నిలబడింది. నేను చెత్తబుట్ట మూత తీసి పట్టుకున్నాను.

"పడేస్తే ఆ పిల్ల మల్ల ఎట్లొస్తదయ్యా?" అంది.